అమ్మిన తరువాత బ్లూటూత్ పరికరాల ఫర్మ్‌వేర్ అప్‌డేట్: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు పరిసరాల్లోని మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రతను, తేమను నమోదు చేసే చిన్న బ్లూటూత్ లాగర్ల ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) చూసుకునే పని నాది. ఇటువంటి పరికరాలు తయారు చేస్తున్నవారు, వాటిని అమర్చి నిర్వహిస్తున్నవారు నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. లెక్కలు చెప్పవలసిన చోట మేము వాడే నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్52832 చిప్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. ఇతర కంపెనీల చిప్‌లలో పేర్లు, అంకెలు మారతాయి కానీ, సమస్యలు ఇవే.

బల్ల మీది బోర్డుకూ, ఫీల్డ్‌లో ఉన్న పరికరానికీ అప్‌డేట్ విషయంలో తేడా ఏమిటి?

బల్ల మీది బోర్డుకు డీబగ్గర్ (చిప్‌లోకి నేరుగా ప్రోగ్రాం రాసే సాధనం) తీగ తగిలించి ఉంటుంది. ఫర్మ్‌వేర్ చెడిపోతే చిప్‌ను మొత్తం తుడిచి, మళ్లీ రాసుకుని రెండు నిమిషాల్లో పనిలో పడవచ్చు. మిర్చి టిక్కీల (బస్తాల) వరుసల వెనుక, పై అంతస్తులో స్తంభానికి బిగించిన లాగర్‌కు ఆ సదుపాయం లేదు. దానితో మాట్లాడడానికి ఉన్న దారి బ్లూటూత్ ఒక్కటే. అప్‌డేట్ వికటించి ఆ దారే మూసుకుపోతే, ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని ఎక్కి, పరికరాన్ని దింపి, పెట్టె విప్పవలసి వస్తుంది. నీరు చొరకుండా అతికించిన పెట్టె అయితే దాన్ని పగలగొట్టడమే మిగులుతుంది.

అందువల్ల ఫీల్డ్ అప్‌డేట్‌లో మొదట వేసుకోవలసిన ప్రశ్న, కొత్త ఫర్మ్‌వేర్ ఎంత త్వరగా ఎక్కుతుందన్నది కాదు. ఏ క్షణంలో ఏది ఆగిపోయినా ఆ పరికరం మనిషి సాయం లేకుండా తిరిగి బ్లూటూత్‌లో కనిపిస్తుందా అన్నది. దీనికి అవుననే సమాధానం రావడానికి చేయవలసిన ఏర్పాట్లలో అధిక భాగం మొదటి పరికరం గోడౌన్ దాటకముందే చేయాలి, ఆ తరువాత చేయడానికి వీలుండదు.

అప్‌డేట్ జరుగుతున్నప్పుడు పరికరం లోపల ఏం జరుగుతుంది?

చిప్‌లోని ఫ్లాష్ మెమొరీలో సాధారణంగా మూడు భాగాలుంటాయి. బ్లూటూత్ స్టాక్ (బ్లూటూత్ సంభాషణను నడిపే సాఫ్ట్‌వేర్) ఒకటి, మనం రాసిన అప్లికేషన్ ఒకటి, బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం మరొకటి. పరికరం ఆన్ కాగానే ముందు మేలుకునేది బూట్‌లోడర్. అది అప్లికేషన్ సరిగా ఉందో లేదో చూసి, ఉంటే దానికి పగ్గాలు అప్పగిస్తుంది.

ఫోన్ యాప్ అప్‌డేట్ కోరినప్పుడు అప్లికేషన్ ఒక రిజిస్టర్‌లో గుర్తు పెట్టి చిప్‌ను రీసెట్ చేస్తుంది. మళ్లీ మేలుకున్న బూట్‌లోడర్ ఆ గుర్తు చూసి, అప్లికేషన్‌కు వెళ్లకుండా తానే బ్లూటూత్‌లో ప్రకటించుకుంటుంది. ఫోన్ ముందుగా ఒక చిన్న పరిచయ ప్యాకెట్ పంపుతుంది. అందులో కొత్త ఇమేజ్ (ఎక్కించవలసిన ఫర్మ్‌వేర్ ఫైలు) పరిమాణం, వెర్షన్, ఏ హార్డ్‌వేర్‌కు ఉద్దేశించినది, దాని హ్యాష్ విలువ (ఇమేజ్ మొత్తం నుంచి లెక్కించిన, వేలిముద్ర వంటి సంఖ్య), వీటన్నిటి మీద డిజిటల్ సంతకం ఉంటాయి. సంతకం సరిపోతేనే బూట్‌లోడర్ అసలు ఇమేజ్‌ను స్వీకరిస్తుంది. ఇమేజ్ 4,096 బైట్ల ముక్కలుగా వస్తుంది, ఒక ముక్క ఫ్లాష్‌లో సరిగ్గా ఒక పేజీ. ముక్క ముక్కకూ సీఆర్‌సీ (డేటా దారిలో చెడిందో లేదో చెప్పే సంఖ్య) సరిచూస్తారు, అంతా వచ్చిన తరువాత మొత్తం ఇమేజ్ హ్యాష్ లెక్కించి పరిచయ ప్యాకెట్‌లో ఉన్నదానితో పోలుస్తారు. రెండూ ఒకటైతేనే కొత్తది అమలులోకి వస్తుంది.

ఇది నార్డిక్ పాత ఎస్‌డీకే (చిప్ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్) పద్ధతి. కొత్త ప్రాజెక్టులలో జెఫిర్ అనే ఆపరేటింగ్ సిస్టం, ఎంసీయూబూట్ అనే బూట్‌లోడర్ వాడేవారే ఎక్కువ, అక్కడ సాధారణంగా అప్లికేషన్ తన పని తాను చేసుకుంటూనే కొత్త ఇమేజ్‌ను పక్క స్లాట్‌లోకి తెచ్చుకుంటుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు ఇదే పనిని ఓఏడీ (ఓవర్ ది ఎయిర్ డౌన్‌లోడ్) అంటారు.

సింగిల్ బ్యాంక్, డ్యుయల్ బ్యాంక్ అంటే ఏమిటి? ఏది ఎంచుకోవాలి?

సింగిల్ బ్యాంక్‌లో పాత అప్లికేషన్‌ను తుడిచి అదే చోట కొత్తది రాస్తారు. మధ్యలో ఆగిపోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు, బూట్‌లోడర్ మాత్రం మిగిలి మళ్లీ అప్‌డేట్ కోసం ఎదురు చూస్తుంది. డ్యుయల్ బ్యాంక్‌లో పాతదాన్ని కదల్చకుండా కొత్తదాన్ని ఖాళీ స్థలంలోకి తెచ్చుకుని, సరిచూసుకున్న తరువాతే మారుస్తారు.

డ్యుయల్ బ్యాంక్ ఖరీదు స్థలం. ఎన్‌ఆర్‌ఎఫ్52832లో ఫ్లాష్ 512 కిలోబైట్లు. నార్డిక్ వారి బ్లూటూత్ స్టాక్ ఎస్132 కొత్త వెర్షన్లు 152 కిలోబైట్లు తీసుకుంటాయి. బూట్‌లోడర్‌కూ దాని సెట్టింగుల పేజీలకూ కలిపి పైభాగంలో 32 కిలోబైట్లు పోతాయి. మిగిలిన 328లో బాండింగ్ (ఒకసారి జత అయిన ఫోన్‌ను గుర్తుంచుకోవడం) వివరాల వంటి డేటాకు 12 కిలోబైట్లు వదిలితే 316 ఉంటుంది. దాన్ని రెండు చేస్తే అప్లికేషన్ 158 కిలోబైట్లు దాటకూడదు. ఉత్పత్తి మొదలైన రోజున 90 కిలోబైట్లున్న అప్లికేషన్ మూడేళ్లలో ఎంతకు పెరుగుతుందో ఆలోచించుకుని ఈ నిర్ణయం తీసుకోవాలి. స్థలం చాలదనుకుంటే బోర్డు మీద ఒక చిన్న ఎస్‌పీఐ ఫ్లాష్ చిప్ (విడిగా అదనపు మెమొరీ) పెట్టించుకోవడం మేలు. బోర్డు గీసేటప్పుడు అది చిన్న ఖర్చు, తరువాత ఏ ఖర్చు పెట్టినా చేర్చలేనిది.

ఒక అపోహను ఇక్కడే తొలగించాలి. డ్యుయల్ బ్యాంక్ ఉంది కాబట్టి పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లగలమని చాలామంది నమ్ముతారు. నార్డిక్ పాత ఎస్‌డీకే బూట్‌లోడర్ కొత్త ఇమేజ్‌ను సరిచూసుకున్నాక పాతదాని మీదే కాపీ చేస్తుంది, దానితో పాతది పోతుంది. అంటే డౌన్‌లోడ్ చెడిపోతే రక్షణ ఉంది కానీ, సక్రమంగా సంతకం చేసి పంపిన ఫర్మ్‌వేర్‌లోనే లోపం ఉంటే రక్షణ లేదు. ఎంసీయూబూట్‌లో స్వాప్ పద్ధతి ఆ రెండో లోటును తీరుస్తుంది: కొత్త ఇమేజ్‌ను ముందు పరీక్షార్థం నడిపిస్తుంది, ఆ ఇమేజ్ తనను తాను ఖాయం చేసుకోకపోతే తరువాతి రీసెట్‌లో పాతదాన్ని తిరిగి తెస్తుంది. ఎస్ప్రెసిఫ్ చిప్‌లలో కూడా ఇటువంటి రోల్‌బ్యాక్ ఐచ్ఛికం ఉంది, దాన్ని కాన్ఫిగరేషన్‌లో ఆన్ చేసుకోవాలి.

కొత్త ఇమేజ్ తనను తాను ఎప్పుడు ఖాయం చేసుకోవాలి?

ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ మొదటి లైనులో మాత్రం కాదు. అక్కడ ఖాయం చేస్తే రోల్‌బ్యాక్ ఉన్నా లేనట్టే. సెన్సర్ జవాబు ఇచ్చింది, ఫ్లాష్‌లోని సెట్టింగులు చదవగలిగాము, వీటికి మించి ఒక ఫోన్ వచ్చి కనెక్ట్ అయ్యి అప్‌డేట్ సర్వీసును (అప్‌డేట్ స్వీకరించే బ్లూటూత్ సదుపాయాన్ని) చూడగలిగింది అన్న తరువాతే ఖాయం చేయాలని నా అభిప్రాయం. తరువాతి అప్‌డేట్‌ను స్వీకరించలేని ఫర్మ్‌వేర్, మిగతా పనులన్నీ చక్కగా చేసినా, విఫలమైనట్టే లెక్క.

అప్‌డేట్ మధ్యలో కనెక్షన్ తెగిపోతే, బ్యాటరీ ఊడిపోతే ఏమవుతుంది?

ఇమేజ్ వస్తుండగా తెగితే పెద్ద ప్రమాదం లేదు. మళ్లీ కనెక్ట్ అయినప్పుడు ఎంతవరకు వచ్చిందో, దాని సీఆర్‌సీ ఎంతో పరికరం చెబుతుంది, ఫోన్ అక్కడినుంచి కొనసాగిస్తుంది. పరికరం రీసెట్ అయితే మాత్రం మొదటినుంచి పంపవలసి రావచ్చు. ఇమేజ్ మొత్తం వచ్చాక బ్యాంకులు మారుతున్న ఆ కొద్ది క్షణాలే అసలు పరీక్ష. మంచి బూట్‌లోడర్ ఆ సమయంలో ఎంతవరకు కాపీ చేసిందో ఫ్లాష్‌లోనే రాసుకుంటూ పోతుంది, కరెంటు వచ్చాక అక్కడినుంచి అందుకుంటుంది. మీ బూట్‌లోడర్ అలా చేస్తుందో లేదో డాక్యుమెంటేషన్‌లో చదివి ఊరుకోకండి, కాపీ జరుగుతుండగా కరెంటు తీసేసి కళ్లతో చూడండి.

150 కిలోబైట్ల ఇమేజ్ పంపడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. ఎందుకు?

బ్లూటూత్ లో ఎనర్జీలో ఏటీటీ ఎంటీయూ (ఒక్కో సందేశం గరిష్ఠ పరిమాణం) విలువ మొదట 23 బైట్లు, అందులో మన డేటాకు దక్కేది 20. 150 కిలోబైట్లను 20 చొప్పున పంచితే 7,680 ప్యాకెట్లు. 30 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ వెళితే 230 సెకన్లు. మీ నాలుగు నిమిషాలు అవే.

2014 చివరలో వచ్చిన బ్లూటూత్ 4.2లో లింకు ప్యాకెట్ పరిమాణం 27 నుంచి 251 బైట్లకు పెరిగింది. ఎంటీయూను 247కు పెంచుకుంటే ఒక్కో ప్యాకెట్‌లో 244 బైట్లు పడతాయి, అదే ఇమేజ్ 630 ప్యాకెట్లలో సరిపోతుంది. జవాబు కోసం ఆగని రైట్ (రాత) ఆదేశం వాడితే ఒకే కనెక్షన్ ఇంటర్వెల్‌లో (ఫోన్, పరికరం మాట్లాడుకునే ఒక్కో విడతలో) పలు ప్యాకెట్లు వెళతాయి. 2016లో వచ్చిన బ్లూటూత్ 5లోని 2 మెగాబిట్ల రేడియో వేగం ఇంకొంత కలిసి వస్తుంది. ఇవన్నీ కుదిరాక అడ్డుపడేది ఫ్లాష్. ఈ చిప్‌లో ఒక పేజీ తుడవడానికి దాదాపు 90 మిల్లీసెకన్ల వరకు పట్టవచ్చు, 150 కిలోబైట్లకు 38 పేజీలు తుడవాలి. కాబట్టి ప్యాకెట్లు వస్తుండగా తుడవడం కంటే ముందుగానే తుడిచి పెట్టుకోవడం కొంత నయం.

అయితే వేగం కోసం మరీ పాకులాడవద్దని నా సలహా. మీ కస్టమర్ల దగ్గర ఐదారేళ్ల నాటి ఫోన్లు ఉంటాయి. పెద్ద ఎంటీయూకు ఒప్పుకుని కూడా సరిగా పంపలేని ఫోన్లు నేను చూశాను. వరుసగా రెండుసార్లు విఫలమైతే యాప్ తనంతట తానే చిన్న ప్యాకెట్లకు దిగిపోవాలి. నాలుగు నిమిషాలకు పూర్తయ్యే అప్‌డేట్ నలభై సెకన్లలో విఫలమయ్యే అప్‌డేట్ కంటే చాలా మంచిది.

కాయిన్ సెల్ బ్యాటరీతో నడిచే పరికరాన్ని అప్‌డేట్ చేయవచ్చా?

చేయవచ్చు, బ్యాటరీ స్థితి చూసుకుని. సీఆర్2032 సెల్ 3 వోల్టులది, సామర్థ్యం 220 మిల్లీఆంపియర్ అవర్ల పైచిలుకు. ఒక్క అప్‌డేట్‌కు అందులో ఖర్చయ్యేది తక్కువే. చిక్కు మొత్తం ఖర్చులో లేదు, క్షణికంగా లాగే కరెంటులో ఉంది. సెల్ వాడుకలో పాతబడినప్పుడు, చలిలో ఉన్నప్పుడు దాని అంతర్గత నిరోధం పెరుగుతుంది. రేడియో, ఫ్లాష్ కలిసి ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజీ కుంగి చిప్ రీసెట్ అవుతుంది. పది డిగ్రీల లోపు చలిలో నెలల తరబడి ఉన్న మా లాగర్లలో దీన్ని స్పష్టంగా గమనించాం. ఏ పనీ లేనప్పుడు 2.9 వోల్టులు చూపే సెల్ రేడియో నడుస్తుండగా అంతకంటే బాగా కిందికి జారేది.

అందుచేత వోల్టేజీని ఊరకే ఉన్నప్పుడు కాక, రేడియో పంపుతున్న సమయంలో కొలవాలి. పరిమితికి తక్కువగా ఉంటే అప్‌డేట్‌ను పరికరమే నిరాకరించాలి. ఈ నిర్ణయం ఫోన్ యాప్‌కు వదలకూడదు, ఎందుకంటే యాప్ పాత వెర్షన్‌లో ఆ షరతు ఉండకపోవచ్చు.

బ్లూటూత్ పెయిరింగ్, ఎన్‌క్రిప్షన్ ఉన్నాయి కదా. ఫర్మ్‌వేర్‌కు వేరే డిజిటల్ సంతకం ఎందుకు?

ఎన్‌క్రిప్షన్ దారిని కాపాడుతుంది, వచ్చిన సరుకు ఎవరిదో చెప్పదు. పెయిర్ అయిన ఫోన్‌లోనే ఎవరైనా మార్చిన ఇమేజ్ పెడితే ఎన్‌క్రిప్షన్ దాన్ని భద్రంగా పరికరానికి చేరవేస్తుంది. సీఆర్‌సీ కూడా దీనికి పనికిరాదు, అది పొరపాట్లను పట్టుకుంటుంది గానీ దొంగలను పట్టుకోదు.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2018 నవంబరులో ఆర్మిస్ అనే భద్రతా సంస్థ బ్లీడింగ్‌బిట్ పేరుతో రెండు లోపాలను ప్రకటించింది. వాటిలో రెండోది (భద్రతా లోపాల పట్టికలో దాని సంఖ్య సీవీఈ-2018-7080) సరిగ్గా ఫర్మ్‌వేర్ అప్‌డేట్ సదుపాయానికి చెందినది. అరూబా వారి కొన్ని వైఫై యాక్సెస్ పాయింట్లలో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బ్లూటూత్ చిప్ ఉండేది. దాని ఓఏడీ సదుపాయానికి రక్షణగా ఉన్నది అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డ్. అది తెలిసినవారు బ్లూటూత్ పరిధిలో నిలబడి తమకు నచ్చిన ఫర్మ్‌వేర్ ఎక్కించగలిగేవారు. రహస్యం ప్రతి పరికరంలోనూ దాచి ఉంటే, ఒక పరికరాన్ని కొని విప్పినవారికి అన్నిటి రహస్యమూ తెలిసినట్టే. డిజిటల్ సంతకంలో ఆ బాధ లేదు, పరికరంలో ఉండేది పబ్లిక్ కీ (సంతకాన్ని సరిచూడడానికి మాత్రమే పనికొచ్చేది) మాత్రమే, దాన్ని చదివినా ఎవరూ సంతకం చేయలేరు.

ప్రైవేట్ కీని (సంతకం చేసే రహస్య కీని) ఎక్కడ ఉంచాలి?

ఏ ఒక్క ఇంజనీరు ల్యాప్‌టాప్‌లోనూ, సోర్స్ కోడ్ రిపాజిటరీలోనూ ఉంచకూడదు. కీ బయటికి రాకుండా లోపలే సంతకం చేసే హార్డ్‌వేర్ మాడ్యూల్ ఉత్తమం. అంత స్తోమత లేని చిన్న సంస్థ అయితే, నెట్‌వర్క్‌కు తగిలించని కంప్యూటర్‌లో ఒకటి, బీరువాలో సీలు వేసిన కవరులో దాని ప్రతి ఒకటి అయినా ఉండాలి. కీ పోగొట్టుకోవడం కూడా కీ దొంగిలించబడటమంత ప్రమాదమే. ఆ తరువాత మీ పరికరాలకు మీరే అప్‌డేట్ పంపలేరు.

ఎంసీయూబూట్ సోర్స్‌లో నమూనా కీలు ఉంటాయి. అవి లోకమంతటికీ తెలిసిన కీలు. అభివృద్ధి దశలో వాటితో మొదలుపెట్టి, అలాగే ఉత్పత్తికి పంపేయడం చాలా తేలికగా జరిగిపోయే తప్పు. ఉత్పత్తి బిల్డ్‌లో (అమ్మకానికి తయారు చేసే ఫర్మ్‌వేర్‌లో) ఆ నమూనా కీ కనబడితే బిల్డ్ ఆగిపోయేలా ఒక తనిఖీ పెట్టుకోండి, పది లైన్ల స్క్రిప్టు చాలు.

పాత వెర్షన్‌ను తిరిగి ఎక్కించడానికి అనుమతించాలా?

భద్రతా లోపం ఉన్న పాత వెర్షన్ మీద కూడా మీ సంతకమే ఉంటుంది. అనుమతిస్తే దాడి చేసేవారు ముందు దాన్ని ఎక్కించి, ఆ లోపం గుండా లోపలికి వస్తారు. అందుకని బూట్‌లోడర్ తక్కువ వెర్షన్ సంఖ్యను నిరాకరించాలి. కొత్త వెర్షన్ బాగా లేక పాత కోడ్‌కు వెళ్లవలసి వస్తే, అదే పాత కోడ్‌ను మరింత పెద్ద సంఖ్యతో బిల్డ్ చేసి, సంతకం చేసి పంపండి. పరికరం తనంతట తాను చేసుకునే రోల్‌బ్యాక్ వేరు, బయటినుంచి ఎక్కించే డౌన్‌గ్రేడ్ వేరు. మొదటిది ఉండాలి, రెండోది ఉండకూడదు.

అప్‌డేట్ విజయవంతమైంది కానీ ఫోన్ పరికరంతో సరిగా మాట్లాడటం లేదు. కారణం ఏమిటి?

చాలా సందర్భాల్లో ఫోన్ పాత జ్ఞాపకమే కారణం. పరికరంలో ఏ సర్వీసులున్నాయో ఫోన్ ఒకసారి చదివి దాచుకుంటుంది, మరీ ముఖ్యంగా పరికరం బాండ్ అయి ఉంటే. కొత్త ఫర్మ్‌వేర్‌లో మీరు ఒక సర్వీసు చేర్చినా, వరుస మార్చినా హ్యాండిల్ సంఖ్యలు (సర్వీసుల్లోని ఒక్కో అంశానికి ఉండే క్రమ సంఖ్యలు) జరుగుతాయి, ఫోన్ మాత్రం పాత సంఖ్యలతోనే అడుగుతూ ఉంటుంది. దీనికోసమే, సర్వీసులు మారాయని ఫోన్‌కు తెలిపే సర్వీస్ ఛేంజ్‌డ్ అనే క్యారెక్టరిస్టిక్ ఉంది, మొదటి వెర్షన్ నుంచే అది మీ పరికరంలో ఉండేలా చూసుకోండి. 2019లో వచ్చిన బ్లూటూత్ 5.1లో, సర్వీసుల జాబితా మారిందో లేదో ఫోన్ పోల్చి చూసుకునే డేటాబేస్ హ్యాష్ కూడా చేరింది. సర్వీసులు చేర్చవలసి వస్తే ఉన్నవాటిని కదల్చకుండా చివర చేర్చండి.

ఇదే కారణంతో నార్డిక్ బూట్‌లోడర్ బాండ్ లేని పరికరాల్లో అప్‌డేట్ సమయంలో తన చిరునామాను ఒకటి పెంచి ప్రకటించుకుంటుంది, ఫోన్ దాన్ని కొత్త పరికరంగా భావించి సర్వీసులు మళ్లీ చదవాలని. ఆండ్రాయిడ్ యాప్ ఆ పెరిగిన చిరునామా కోసం వెతకవచ్చు. ఐఫోన్ యాప్‌లకు అసలు చిరునామా కనిపించదు కాబట్టి పేరు ద్వారానో సర్వీసు ద్వారానో వెతకాలి. ఒకే గదిలో ముప్పై లాగర్లున్నప్పుడు అన్నీ అప్‌డేట్ సమయంలో ఒకే పేరుతో కనబడితే యాప్ పక్కదానికి ఇమేజ్ పంపే అవకాశం ఉంది. బూట్‌లోడర్ ప్రకటనలో సీరియల్ నంబరు చివరి అంకెలు చేర్చండి.

అప్‌డేట్ తరువాత బాండింగే మాయమైతే బూట్‌లోడర్ సెట్టింగులు చూడండి. పైన చెప్పిన 12 కిలోబైట్ల డేటా ప్రాంతం మీ అప్లికేషన్ వాడుతున్న పేజీలతో సరిపోకపోతే, కొత్త ఇమేజ్ వచ్చి ఆ వివరాల మీదే కూర్చుంటుంది.

బూట్‌లోడర్‌ను కూడా బ్లూటూత్ ద్వారా అప్‌డేట్ చేయవచ్చా?

సాంకేతికంగా వీలుంది. తప్పనిసరి అయితే తప్ప చేయవద్దు. పరికరాన్ని ఆపద నుంచి బయటకు తెచ్చేది బూట్‌లోడరే, దాన్ని మార్చే సమయంలో ఆ రక్షణ పలచబడుతుంది. అందుకే బూట్‌లోడర్ చిన్నదిగా, విసుగు పుట్టించేంత సాదాగా ఉండాలి. ఇంకో సంగతి: ఎస్132 వంటి స్టాక్ మారినప్పుడు బూట్‌లోడర్ కూడా దానితో కలిసి మారవలసి రావచ్చు, ఎందుకంటే అది తన బ్లూటూత్ పనికి అదే స్టాక్‌ను వాడుకుంటుంది. ఒక ఉత్పత్తి జీవితకాలంలో ఇది ఒకసారికి మించి రాకుండా ప్రణాళిక వేసుకోండి.

ఒకేచోట వందల పరికరాలుంటే ఒక్కొక్కదాని దగ్గరికీ ఫోన్ పట్టుకుని వెళ్లాలా?

మేము మొదట అలాగే తిరిగాం. ఇన్సులేషన్ ప్యానెళ్ల రేకులు సిగ్నల్‌ను అడ్డుకోవడంతో ప్రతి ఛాంబర్‌లోనూ తలుపు మూసుకుని లోపలే నిలబడవలసి వచ్చేది, చలికి వేళ్లు ఫోన్ స్క్రీన్ మీద సరిగా పనిచేసేవి కావు. ఆ తరువాత ప్రతి ఛాంబర్‌కూ ఒక గేట్‌వే (ఫోన్ బదులు లాగర్లతో బ్లూటూత్‌లో మాట్లాడే పరికరం) పెట్టాం. అది రాత్రివేళ లాగర్లను ఒకదాని తరువాత ఒకటి అప్‌డేట్ చేస్తుంది. గేట్‌వే కేవలం మోసుకెళ్లేది మాత్రమే కావాలి, సంతకం సరిచూసే బాధ్యత ఎప్పుడూ పరికరానిదే.

దీపాల వంటి పరికరాలు ఒకదానినుంచి ఒకటి సందేశాలు అందించుకునే మెష్ నెట్‌వర్క్‌లకు ఇప్పుడు ప్రామాణిక పద్ధతి ఉంది. 2023 సెప్టెంబరులో విడుదలైన బ్లూటూత్ మెష్ 1.1 ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ను ప్రమాణంలో భాగం చేసింది. అందులో డిస్ట్రిబ్యూటర్ అనే నోడ్ (నెట్‌వర్క్‌లోని ఒక పరికరం) ఇమేజ్‌ను తన దగ్గర ఉంచుకుని మిగతా నోడ్లకు పంచుతుంది. మెష్ సందేశాలు చిన్నవి కాబట్టి సమయం బాగా పడుతుందని ముందే లెక్క వేసుకోవాలి.

విడుదలకు ముందు ఏ పరీక్షలు చేయాలి?

మా అనుభవం ఒకటి చెబుతాను. ఒక వెర్షన్‌ను ల్యాబ్‌లో వందలసార్లు ఎక్కించి చూశాం, ఒక్కసారీ తప్పలేదు. ఫీల్డ్‌కు వెళ్లాక కొందరి ఫోన్లలో అప్‌డేట్ సగం దాటి కొంచెం ముందుకు వెళ్లగానే తెగిపోయేది. పరికరం పాత వెర్షన్‌తో తిరిగి లేచేది, మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ దాదాపు అదే చోట. రేడియో సమస్య అనుకుని రెండు వారాలు యాంటెన్నా వైపు వెతికాం. చివరికి ఫోన్ లాగ్‌లో శాతం బదులు సమయం చూసినప్పుడు తెలిసింది, ప్రతిసారీ తెగింది సరిగ్గా ఒకే సెకను దగ్గర.

కారణం వాచ్‌డాగ్ టైమర్, అంటే ప్రోగ్రాం ఎక్కడైనా చిక్కుకుపోతే గడువు దాటగానే చిప్‌ను రీసెట్ చేసే గడియారం. ఈ చిప్‌లో అప్లికేషన్ మొదలుపెట్టిన వాచ్‌డాగ్ సాఫ్ట్ రీసెట్‌తో ఆగదు, బూట్‌లోడర్‌లోకి వెళ్లాక కూడా లెక్కపెడుతూనే ఉంటుంది. మా బూట్‌లోడర్ దాన్ని పట్టించుకోలేదు. ల్యాబ్ ఫోన్లు వేగంగా ఉండడంతో గడువులోగా పని ముగిసేది. పైగా ల్యాబ్‌లో ఎక్కువసార్లు నడిపిన డీబగ్ బిల్డ్‌లో వాచ్‌డాగ్ ఆపేసి ఉంది. బూట్‌లోడర్ ఫీల్డ్‌లో ఉన్నది ఉన్నట్టే ఉండాలి కాబట్టి, అప్‌డేట్ మొదలుపెట్టే ముందు వాచ్‌డాగ్ లేకుండా చిప్ తిరిగి లేచేలా అప్లికేషన్‌ను మార్చాలి. కానీ ఆ మార్చిన అప్లికేషన్‌ను పంపవలసింది కూడా అదే దారిన. నెమ్మది ఫోన్లున్నవారి దగ్గరికి మేమే వేగమైన ఫోన్లు పట్టుకుని వెళ్లి ఆ ఒక్క అప్‌డేట్ చేసి వచ్చాం.

కాబట్టి ఉత్పత్తికి వెళ్లే బిల్డ్‌నే పరీక్షించండి. దొరికినంతలో అతి నెమ్మదైన ఫోన్ ఒకటి ల్యాబ్‌లో ఉంచుకోండి. రిలేతో యాదృచ్ఛిక సమయాల్లో కరెంటు తీసే జిగ్ కట్టి రాత్రంతా నడపండి. ఫీల్డ్‌లో ఉన్న ప్రతి పాత వెర్షన్ నుంచీ నేరుగా కొత్తదానికి వెళ్లి చూడండి, ఎందుకంటే మధ్య వెర్షన్లన్నీ దాటవేసి వచ్చే పరికరాలు తప్పకుండా ఉంటాయి. కొత్తదానినుంచి దాని తరువాతి డమ్మీ వెర్షన్‌కు కూడా వెళ్లగలగాలి.

విడుదల అందరికీ ఒకేసారి చేయవచ్చా?

వద్దు. ముందు మీ సొంత పరికరాలు, తరువాత సహనం గల ఒకరిద్దరు కస్టమర్లు, ఆ పైన కొద్ది శాతం, అప్పుడు మిగిలినవారు. రెండు దశల మధ్య విరామం ఆ పరికరం పని చక్రాన్ని బట్టి ఉండాలి. వారానికొకసారి డేటా పంపే లాగర్‌కు ఒక్కరోజు ఆగి అంతా బాగుందనుకోవడం పనికిరాదు. కోతలు ముగిసి మార్చి, ఏప్రిల్‌లలో సరుకు కోల్డ్ స్టోరేజీలకు చేరుతున్న రద్దీ రోజుల్లో మేము ఏ అప్‌డేటూ విడుదల చేయం.

అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇవ్వాలి? చట్టం ఏమంటోంది?

విదేశాలకు అమ్మేవారు ఇది గమనించాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, వినియోగదారుల కనెక్టెడ్ పరికరాలకు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారు ప్రకటించాలి. యూరోపియన్ యూనియన్ సైబర్ రెసిలియెన్స్ చట్టం 2024 డిసెంబరు 10న అమలులోకి వచ్చింది, దాని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. ఉత్పత్తి వాడకకాలమే అంతకంటే తక్కువైతే తప్ప కనీసం ఐదేళ్లు మద్దతు ఇవ్వాలని అది కోరుతోంది.

చట్టం లేకపోయినా అవసరం ఉంది. 2020 ఫిబ్రవరిలో సింగపూర్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ అండ్ డిజైన్ పరిశోధకులు స్వీన్‌టూత్ పేరుతో బయటపెట్టిన లోపాలు ఏడు చిప్ కంపెనీల బ్లూటూత్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. వాటితో దగ్గరలో ఉన్నవారు ఎవరైనా పరికరాన్ని స్తంభింపజేయగలరు. ఆ చిప్‌లు వాడిన తయారీదారుల తప్పు అందులో ఏమీ లేకపోయినా, సరిదిద్దవలసిన భారం వారిమీదే పడింది.

ఓటీఏ (గాలిలో అప్‌డేట్ పంపే) సదుపాయం లేకుండానే పరికరాలు అమ్మేశాం. ఇప్పుడేం చేయాలి?

ముందుగా బోర్డు మీద డీబగ్ ప్యాడ్లు (డీబగ్గర్ తగిలించే లోహపు చుక్కలు) పెట్టె విప్పకుండా అందుతాయేమో చూడండి. బ్యాటరీ మూత కింద అవి కనిపిస్తే, స్ప్రింగు పిన్నులున్న చిన్న జిగ్ తయారు చేయించి, బ్యాటరీ మార్చడానికి వెళ్లే మనిషికే ఇవ్వవచ్చు. చిప్‌కు రీడ్‌బ్యాక్ రక్షణ (లోపలి ప్రోగ్రాంను బయటివారు చదవకుండా అడ్డు) పెట్టి ఉంటే మొత్తం తుడిచి రాయవలసి వస్తుంది, అప్పుడు క్యాలిబ్రేషన్ విలువలు కూడా పోతాయి. సీరియల్ నంబరు వారీగా ఆ విలువలు ఫ్యాక్టరీ రికార్డుల్లో ఉన్నాయో లేదో ముందే తేల్చుకోండి. ఆ ఒక్క సందర్శనలో ఎక్కించేది కొత్త ఫీచర్లు కాదు, బాగా పరీక్షించిన బూట్‌లోడర్, మీ పబ్లిక్ కీ, అప్‌డేట్ సర్వీసు. ఫీచర్లు ఆ తరువాత గాలిలో పంపుకోవచ్చు.